మొక్కు పేరుతో దొరికిన సెలవు

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెద్దనాన్నగారు ఒక ప్రవచనం ముక్క పెట్టారు. రెండు నిమిషాలుంటుంది. క్షేత్రానికి వెళ్లేది విహారానికి కాదనీ, అక్కడ కూడా తిండి గురించీ తిరుగుళ్ల గురించీ ఆలోచించేవాళ్లకి యాత్రాఫలం దక్కదనీ అందులో సారాంశం. కింద పదిమంది దణ్ణాలు పెట్టారు. నేనూ పెట్టబోయి ఆగిపోయాను. సరిగ్గా వారం ముందే మేము గోదావరి వైపున్న శివక్షేత్రాలు ద్రాక్షారామం, కోటిపల్లి వెళ్లి మూడు రోజులుండి వచ్చాం. ఆ ఫోటోలు అదే గ్రూపులో, ఆ వీడియోకి కాస్త పైనే ఉన్నాయి. కోటిపల్లి రేవులో కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్న మా అమ్మ. గోదారి దాటించే పంటు మీద అరుస్తున్న పిల్లలు. అరిటాకులో పొగలు కక్కుతున్న పెసరట్టు ఉప్మా.

పెద్దనాన్నగారు మమ్మల్ని ఉద్దేశించి పెట్టారని అనుకోను. ఆయన అలాంటి మనిషి కాదు. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఈ నాలుగు రోజులూ వంట చేస్తున్నా, ఆఫీసుకి మెట్రోలో వెళుతున్నా అదే ఆలోచన. యాత్ర వేరు, విహారం వేరు అని అంత తేలిగ్గా విడదీయొచ్చా? మా గోదావరి వైపు ఆడవాళ్ల జీవితాల్లో అవి రెండూ ఎప్పుడైనా విడిగా ఉన్నాయా? నాకు తోచింది రాస్తున్నాను. పెద్దనాన్నగారు ఇది చదువుతారని తెలుసు. చదవాలనే నా కోరిక కూడా.

ముందు ఆ మాటలో ఉన్న న్యాయం ఒప్పుకోవాలి. కార్తీకంలో ద్రాక్షారామం చూసినవాళ్లకి తెలుసు. ఇంకా చీకటి విడవకముందే సప్తగోదావరి గుండం మెట్ల మీద తడిబట్టలతో జనం ఉంటారు. మాల వేసుకున్నవాళ్లు, ఉపవాసాలున్నవాళ్లు, పంచారామాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చినవాళ్లు, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన మాణిక్యాంబ దర్శనానికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చి భాష రాక సైగలతో దారి అడిగేవాళ్లు. గర్భగుడి రెండంతస్తులు కదా, కింద చీకట్లో భీమేశ్వరుడి లింగం మొదలు చూసి, మెట్లెక్కి పైకి వెళ్లి అభిషేకం చూసి, చాలామంది బస్సెక్కేస్తారు. కొందరు మాత్రం ప్రాకారం లోపల ఏదో ఒక స్తంభం పక్కన తుండుగుడ్డ పరుచుకుని కూర్చుండిపోతారు.

మేము వెళ్లినప్పుడు అలా ఒకాయన కనిపించారు. అరవై దాటి ఉంటాయి. పొద్దున్న మేము వెళ్లేసరికి కళ్లు మూసుకుని ఉన్నారు. మధ్యాహ్నం అన్నదానంలో భోంచేసి వచ్చేసరికీ అక్కడే ఉన్నారు. జపమాల మీద వేళ్లు మాత్రం కదులుతున్నాయి. ఏ బాధతో వచ్చారో, ఏం వెతుక్కుంటూ వచ్చారో తెలీదు. అలాంటి మనిషి ఎదురుగా నా పిల్లలు గోల చేస్తే తప్పే.

ఇది పార్కు కాదమ్మా

చేశారు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, తమ్ముడి కొడుక్కి ఆరు. రాత్రి పడిన వాన నీళ్లు రాతి పలకల సందుల్లో ఇంకా తడిగా ఉన్నాయి. ఆ తడి గీతల మీద కాలు పడకుండా పలక నుంచి పలకకి గెంతడం మొదలుపెట్టారు. అది అయ్యాక రాళ్ల మీద చెక్కిన పాత అక్షరాల్ని వేలితో దిద్దుతూ, ఏ అక్షరం 'క', ఏది 'ర' అని పోట్లాట. ద్రాక్షారామంలో శాసనాలకి కొదవ లేదు. అఖండదీపం వెలగడానికి నెయ్యి కావాలి కాబట్టి గుడికి గొర్రెల్ని ఇచ్చామని రాయించుకున్నవాళ్లున్నారు. దీపానికి గొర్రెలెందుకని మా అమ్మాయి పడీపడీ నవ్వింది. ఆ నవ్వు మండపమంతా వినిపించింది.

ప్రదక్షిణం చేస్తున్న ఒకాయన ఆగి, "ఇది పార్కు కాదమ్మా, పిల్లల్ని చూసుకోండి" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇద్దర్నీ లాక్కొచ్చి కూర్చోబెట్టాను. వాళ్లు కూర్చున్నారు. గుడి మీద వాళ్లకున్న ఆసక్తి కూడా అక్కడితో ఆగిపోయింది. మిగతా గంటసేపూ "ఎప్పుడెళదాం" అన్న ఒక్క మాటే.

సాయంత్రం గుడి బయట బజ్జీల బండి దగ్గర ఆ జపం చేసుకునే పెద్దాయన బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. మమ్మల్ని చూసి కాస్త జరిగి చోటిచ్చారు. మావాణ్ని పిలిచి, "పొద్దున్న గెంతుళ్లలో ఎవరు గెలిచార్రా?" అని అడిగారు. నాకు గుండె ఝల్లుమంది. అంటే అన్నీ వినిపించాయన్నమాట. క్షమించమని అడగబోయాను. ఆయన వినిపించుకోలేదు, వాడి జవాబు కోసమే చూస్తున్నారు. "అక్కే, కానీ అక్క తొండాట ఆడింది" అన్నాడు వాడు. ఆ తగువు కాసేపు తీర్చి, ఒక మిరపకాయ బజ్జీ తిని, చేతులు కడుక్కుని, పంచె సర్దుకుని మళ్లీ గుళ్లోకి వెళ్లిపోయారు.

ఈ ఒక్కాయన్ని చూపించి నా వాదన గెలిపించుకోవాలని లేదు. ఆయనకి ఇబ్బంది కాలేదు. ఇంకొకరికి నిజంగా అయ్యుండొచ్చు. పొద్దున్న అడ్డుచెప్పినాయన మాటా ఆయన వైపు నుంచి సరైనదే. నాకు పట్టుకున్నది వేరే సంగతి. రోజంతా కళ్లు మూసుకుని కూర్చున్న మనిషికి సాయంత్రం వేడి బజ్జీ రుచిగా అనిపించింది. పిల్లల ఆటలో ఎవరు గెలిచారో తెలుసుకోవాలనిపించింది. అందువల్ల ఆయన పొద్దుటి జపం తగ్గిపోయిందని ఎవరైనా అంటే నేను నమ్మలేను.

అమ్మమ్మ మొక్కులు

అసలు నేను చెప్పాలనుకుంటున్నది మా అమ్మమ్మ గురించి.

అమ్మమ్మది రామచంద్రపురం దగ్గర ఒక పల్లె. ఉమ్మడి కాపురం, రోజూ పద్నాలుగు విస్తళ్లు లేచేవి. తెల్లారకముందే పొయ్యి, పాడి, కళ్లాపి, పెద్దవాళ్ల మడి వంట, పిల్లల చద్దన్నాలు, పొలం వెళ్లేవాళ్ల కారియర్లు. "ఊరికే" అనే మాట ఆవిడ జీవితంలో లేదు. ఊరికే కూర్చోవడం, ఊరికే ఎక్కడికైనా వెళ్లడం ఉండేవి కావు. సినిమాకి కూడా తాతయ్యకి తోచినప్పుడే. తాతయ్య చెడ్డవాడేం కాదు. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. కానీ ఇంటి కోడలు "నాకు గోదారి చూడాలనుంది, ఒక పూట వెళ్లొస్తాను" అంటే ఏమైందోనని అందరూ కంగారుపడేవాళ్లు.

కాబట్టి ఆవిడకి మొక్కులుండేవి. గేదె ఈనితే మొక్కు. మావయ్య పరీక్ష పాసైతే మొక్కు. నాకు జ్వరం తగ్గితే మొక్కు. కార్తీకంలో కోటిపల్లి స్నానం, శివరాత్రికి ద్రాక్షారామం, కనుమ నాడు జగ్గన్నతోట తీర్థం. దేవుడి పనంటే అత్తగారు కూడా అడ్డు చెప్పలేదు. ఆ పూట వంట తోటికోడళ్లు చూసుకునేవాళ్లు. మొక్కే ఆవిడ సెలవు చీటీ.

చిన్నప్పుడు ఈ ప్రయాణాల్లో తోడు నేనే. అందుకే నాకు తెలుసు. కోటిపల్లిలో స్నానం, అరటిదొప్పలో దీపం, ఛాయా సోమేశ్వరుడి దర్శనం, అన్నీ కలిపి గంటలోపే అయిపోయేవి. శ్రద్ధ లేక కాదు. మునక వేసి లేచి సూర్యుడికి దోసిట్లో నీళ్లు వదిలేటప్పుడు ఆవిడ ముఖం చూస్తే నాకు మాట్లాడబుద్ధయ్యేది కాదు. ఆ తర్వాత సాయంత్రం బండి వచ్చేవరకూ బోలెడంత టైము ఉండేది. మెట్ల మీద కూర్చుని కాళ్లు గోదాట్లో పెట్టుకునేది. గాజులు బేరమాడేది, రెండు సార్లు కొనకుండా వచ్చేసి మూడోసారి కొనేది. కాగితంలో జీళ్లు కట్టించుకుని ఒకటి నాకిచ్చి ఒకటి తను చప్పరించేది. ఎవరో వండి వడ్డించిన పులిహోర తింటూ, "ఉప్పు సరిపోయిందా లేదా అని చూసుకోకుండా తినడం ఎంత బావుంటుందో" అని ఒకసారి అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు రోజుకి రెండు పూటలా అర్థమవుతుంది.

ఒకసారి ఇద్దరం పంటెక్కి ముక్తేశ్వరం వైపు దాటాం. అవతల దిగి, అలా గట్టు మీద నిలబడి, మళ్లీ అదే పంటు మీద తిరిగొచ్చాం. "అవతల మనకేం పని అమ్మమ్మా?" అని అడిగాను. "పనేముంది? అక్కణ్నించి చూస్తే మన వైపు ఎలా ఉంటుందో చూద్దామని" అంది. కాసేపాగి, "ఇంట్లో చెప్పకు" అంది.

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఉన్న భయం నాకిప్పటికీ గుర్తుంది. యాభై దాటిన మనిషి, ఏరు దాటి అవతలి గట్టు చూసిందని ఇంట్లో తెలియకూడదని భయపడింది. ఆ ప్రవచనం ముక్క విన్నప్పుడు నాకు తట్టింది అదే. యాత్రలో ఆనందం కోరుకోవడం తప్పు అన్న మాట, ఇంకెక్కడా ఆనందానికి చోటు దొరకని మనిషికి ఎలా తగులుతుంది? సెలవులూ విహారాలూ వేరేగా ఉన్న మగవాళ్లకి దైవాన్ని, సరదాని రెండు గదుల్లో పెట్టుకోవడం కుదురుతుంది. ఒకే గది ఉన్న మనిషి ఏం చేస్తుంది?

రైలు సంగతి కూడా చెప్పాలి. అమ్మమ్మ చిన్నప్పుడు కాకినాడ నుంచి కోటిపల్లికి రైలుండేది. యుద్ధం రోజుల్లో, 1940లో, పట్టాలు పీకి తీసుకెళ్లిపోయారు. అప్పటికి ఆవిడకి పదేళ్లు. ఆ 45 కిలోమీటర్ల లైను మళ్లీ వేసి రైలు నడిపింది 2004లో. ఒక్క పెట్టెతో నడిచే రైలుబస్సు. "రైలు మళ్లీ వస్తే రైల్లోనే వచ్చి దర్శనం చేసుకుంటానని సోమేశ్వరుడికి మొక్కుకున్నాను, తీర్చుకోవాలి" అని ఆవిడ పట్టుబట్టింది. ఆ మొక్కు ఎప్పుడు మొక్కిందో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అమ్మ, నేను వెంట వెళ్లాం. డెబ్బై అయిదేళ్ల మనిషి కిటికీ పక్క సీటు కోసం నాకంటే ముందు ఎక్కి కూర్చుంది. దారి పొడవునా పచ్చటి చేలు, కాలవలు, కొబ్బరి చెట్లు, చేపల చెరువులు. నోట్లో శివనామం, కళ్లు కిటికీ బయట. రెంటిలో ఆవిడ ఏది ఎక్కువ అనుభవించిందో నేను చెప్పలేను. ఆవిణ్ని అడిగినా చెప్పలేకపోయేదేమో.

తీర్థం అనే మాట

మా వైపు గుళ్లో చేతిలో పోసే నీళ్లూ తీర్థమే, రంగులరాట్నం తిరిగే జాతరా తీర్థమే. "తీర్థానికెళ్లి ఏం తెచ్చావు?" అంటే ఖర్జూరం, జీళ్లు, బూరలు లెక్కచెబుతారు. ఒకే మాటలో రెండూ ఇమిడిపోయాయి, ఎవరికీ అడ్డు తగల్లేదు.

జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూడండి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు కనుమ నాడు ఒక కొబ్బరితోటలో కలుసుకుంటారు. ఊరి దేవుణ్ని నిలిపిన వెదురు ప్రభలు భుజాల మీద మోస్తూ చేలకి అడ్డంపడి, కౌశిక కాలవలో నడుముల్లోతు నీళ్లలో దిగి దాటించే కుర్రాళ్లని చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. చేలో పంట తొక్కుకుపోతుందని రైతు బాధపడడు, తన చేలోంచి దేవుడు వెళ్లాడని సంతోషిస్తాడు. ఆ పక్కనే పుల్లఐసు బండి, బూరల మోత, అత్తారింటి నుంచి వచ్చిన ఆడపిల్లల కబుర్లు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్రం తరఫున శకటంగా వెళ్లింది ఈ తీర్థమే. ఇందులో భక్తి వరకు వేరుచేసి చూపించమంటే ఎవరికైనా సాధ్యమేనా?

ఇక కార్తీక వనభోజనాలు. ఉసిరి చెట్టు కింద పూజ చేసి అక్కడే వండుకు తినమని పెద్దలే పెట్టారు. తోటకెళ్లి తినడం, ఆడటం, పాడటం పుణ్యం కిందే లెక్కగట్టారు.

ద్రాక్షారామం స్థలపురాణం మాత్రం? దక్షుడి యజ్ఞం జరిగిన చోటంటారు. ఆ కథ మొదలయ్యేది పుట్టింట్లో వేడుక జరుగుతోందని తెలిసి, పిలుపు లేకపోయినా వెళ్లాలని ఆశపడ్డ ఆడపిల్లతో. శివుడు వద్దన్నా సతీదేవి మనసు ఆగలేదు. శ్రీనాథుడి భీమేశ్వర పురాణంలో వ్యాసుడు కాశీ విడిచి ఇక్కడికి వస్తాడు. ఎందుకు విడిచాడు? భిక్ష దొరక్క, ఆకలికి తాళలేక, కాశీనే శపించబోయాడు. అమ్మవారు పిలిచి కడుపునిండా అన్నం పెట్టింది. ఆ తర్వాత శివుడు ఊరు విడిచి పొమ్మన్నాడు. అంతటి మహర్షికే ఆకలి ఆగలేదు. కోపగించుకున్నందుకు శివుడు శిక్షించాడు గానీ, ఆకలేసినందుకు అమ్మవారు తప్పుపట్టలేదు, ముందు విస్తరి వేసింది. ఈ ఊరి కథలన్నీ ఇలా ఆశపడ్డవాళ్లవీ ఆకలేసినవాళ్లవీ అయినప్పుడు, పెసరట్టు తిన్నవాళ్లకి ఫలం దక్కదంటే నేనెలా ఒప్పుకుంటాను?

గాజుపెంకు

అయితే అన్ని సరదాలూ ఒకటేనని అనలేను. రెండో రోజు పొద్దున్న కోటిపల్లి రేవులో నా అరికాల్లో గాజుపెంకు దిగింది. సీసా ముక్క. ముందురాత్రి ఎవరో కారు తలుపులు తెరిచి పాటలు పెట్టుకుని అక్కడే కూర్చున్నారట. వాళ్లకీ అది సెలవే. వాళ్లకీ గోదావరి అందంగానే కనిపించి ఉంటుంది. కట్టు కట్టించుకుని మెట్ల మీద కూర్చున్నప్పుడు పెద్దనాన్నగారు పెట్టబోయే వీడియో నాకింకా తెలీదు గానీ, దాదాపు అదే మాట నా మనసులోనూ వచ్చింది: ఇలాంటివాళ్లు క్షేత్రాలకి రాకపోతే బాగుండు.

మరి నాకూ వాళ్లకీ తేడా ఏమిటి? చాలాసేపు ఆలోచించాను. అమ్మమ్మ కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంటే పక్కన ఇంకొకరు జపం చేసుకోవచ్చు. పంటెక్కి దాటితే ఎవరి సంధ్యావందనం చెడదు. మా పిల్లల గెంతుళ్లు మధ్యలో ఎక్కడో ఉంటాయి. వాటికి నేను సర్దిచెప్పుకోవాల్సిందే, పిల్లలకి నెమ్మదిగా నేర్పాల్సిందే. ఆ కారు పాటలకి మాత్రం రేవంతా వాళ్లకే కావాలి, ఇంకెవరికీ చోటుండదు. ప్రవచనకారులు ఈ సంగతి గట్టిగా చెబితే నేనూ అందరికంటే ముందు దణ్ణం పెడతాను. నాలుక రుచి కోరితే తప్పు, కళ్లు అందం కోరితే తప్పు అన్న దగ్గరే నాకు పేచీ.

ఇంకో సంగతి కూడా నన్ను ఇబ్బంది పెట్టింది. రేవులో ఒత్తులూ దొప్పలూ అమ్మే ఆవిడ దగ్గర దీపం కొంటూ, "ఇంత పెద్ద గోదారి పక్కనే ఉంటారు, అదృష్టవంతులు" అన్నాను. "మాకు కార్తీకం వస్తే స్నానానికే తీరదండి" అందావిడ చేతులాపకుండా. తెల్లవారుజామున రెండింటికి లేచి వస్తుందట. నా సెలవు ఆవిడకి పని రోజు. దొప్పలు దొరక్క కొందరు థర్మాకోల్ పళ్లేల్లో దీపాలు వదులుతున్నారు. అవి మధ్యాహ్నానికి గట్టుకి కొట్టుకొస్తాయి. వాటిని ఏరేది కూడా అలాంటి ఆడవాళ్లే. మా తీరిక వెనకాల ఇంకెవరి నడుమో వంగుతోందని తెలిసీ తెలియనట్టు ఉండలేను. ఆ రోజు మా దీపాల దొప్పలు తప్ప మేము తెచ్చినవన్నీ సంచీలో తిరిగి పట్టుకొచ్చాం. అది సరిపోదని తెలుసు.

ఒక్క రోజులో పంచారామాలు తిరిగి వచ్చేవాళ్ల గురించి కూడా నేను వెనక్కి తగ్గాను. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, ఒక్క సోమవారంలో బస్సు దిగుతూ ఎక్కుతూ. ఇదేం దర్శనం, కాసేపు గట్టు మీద కూర్చునే తీరికైనా లేదే అని అనుకునేదాన్ని. ఈసారి క్యూలో నా ముందున్నావిడతో మాట కలిసింది. బట్టల షాపులో పని, నెలకి రెండే సెలవులు. "బస్సులో నిద్రపోయినా బాగానే ఉందండి, ఎవరూ లేపలేదు" అంది నవ్వుతూ. ఆవిడ సెలవు ఆ బస్సు సీటులో ఉంది. నేను తప్పుపట్టడానికి ఏముంది?

పెద్దనాన్నగారూ, మీరు గట్టిగా నమ్మి పెట్టిన మాటకి ఇంత పొడుగు జవాబు రాసినందుకు ఏమీ అనుకోకండి. చిన్నప్పుడు మమ్మల్ని తాపేశ్వరం మీదుగా తీసుకెళ్లి, గుడికన్నా ముందు మడతకాజా కొనిపెట్టింది మీరే. ఆ రోజు మీ చొక్కా జేబుకి పాకం అంటుకుందని పెద్దమ్మ కోప్పడితే మీరు నవ్విన నవ్వు నాకు గుర్తుంది.

అమ్మకిప్పుడు అరవై ఎనిమిది. అమ్మమ్మలాగే ఇన్నాళ్లూ ప్రతి ప్రయాణానికీ ఒక మొక్కు చెప్పేది. నా ఉద్యోగం, తమ్ముడి ఇల్లు, మనవడి ఒంట్లో నలత, ఏదో ఒకటి. నిన్న రాత్రి ఫోన్ చేసి, శివరాత్రికి మళ్లీ కోటిపల్లి వెళదామా, ఈసారి ఒక రోజు ఎక్కువ ఉందాం అంది.

"ఏం మొక్కుకున్నావమ్మా?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు.

"ఏం మొక్కుకోలేదే," అంది. "ఊరికే వెళదాం."